కారు నేర్పినందుకు డబ్బు తీసుకోవచ్చా?

ప్రశ్న: కలికిరిలో సొంత కారు ఉన్న వ్యక్తిని ఒక పరిచయస్థుడు నెల రోజులు డ్రైవింగ్ నేర్పమని కోరి, అందుకు కొంత సొమ్ము ఇస్తానంటే, ఆ సొమ్ము తీసుకోవడం తప్పవుతుందా?

జవాబు: డ్రైవింగ్ నేర్పడాన్ని చట్టం ఎక్కడా నిషేధించలేదు గాని, ప్రతిఫలం పుచ్చుకొని నేర్పే వృత్తిని మాత్రం అనుమతికి లోబరచింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 12వ సెక్షన్ డ్రైవింగ్ స్కూళ్లకు లైసెన్సులు ఇచ్చి వాటిని నియంత్రించే నియమాలు చేసే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ అధికారంతో వచ్చిన 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 24వ నియమం, ప్రతిఫలానికి డ్రైవింగ్ నేర్పే స్కూలును గాని సంస్థను గాని లైసెన్సు లేకుండా ఎవరూ నడపకూడదని శాసిస్తుంది. అటువంటి లైసెన్సు కావాలంటే కారులో డ్యూయల్ కంట్రోల్ ఉండాలి. అంటే నేర్చుకునేవారి కాళ్ల కింద ఉన్నట్టే నేర్పేవారి కాళ్ల కింద కూడా బ్రేకు, క్లచ్ అమర్చి ఉండాలి. నేర్పేవారు పదో తరగతి చదివి, ఐదేళ్ల డ్రైవింగ్ అనుభవంతో పాటు మోటారు మెకానిజంలో శిక్షణ పత్రం కూడా పొంది ఉండాలి.

ఒక్క పరిచయస్థుడికి ఒక్కసారి నేర్పినంత మాత్రాన ఇల్లు స్కూలైపోదని వాదించవచ్చు. అయితే మొదటివాడు ఇచ్చిన మొత్తమే రెండోవాడికి ధర అవుతుంది, మూడోవాడికి వాడుక అవుతుంది, అప్పటికి అది లైసెన్సు లేని స్కూలే అవుతుంది. అంతకంటే దగ్గరి ప్రమాదం బీమాలో ఉంది. సొంత వాడకానికి తీసుకున్న కారు పాలసీలో, బండిని అద్దెకు లేదా ప్రతిఫలానికి వాడితే రక్షణ వర్తించదనే షరతు సాధారణంగా ఉంటుంది కాబట్టి, ఫీజు తీసుకున్న రోజున బండి దేనికైనా తగిలితే, బీమా సంస్థ ఆ షరతును చూపి చెల్లింపును నిరాకరించే అవకాశం ఉంటుంది. పైగా 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉచితంగా చేసే సేవను తన పరిధి నుంచి మినహాయించి, డబ్బు తీసుకొని చేసే సేవను పరిధిలోకి తెచ్చింది; అందువల్ల ఫీజు తీసుకొని నేర్పినవారు ‘సరిగా నేర్పలేదు’ అన్న ఫిర్యాదుకు కూడా జవాబుదారీ కావలసి రావచ్చు. ఈ కారణాలన్నిటినీ కలిపి చూస్తే, ఫీజు తీసుకోకపోవడమే మంచిదని చెప్పక తప్పదు. నేర్చుకునేవారే బంకులో తమ చేత్తో పెట్రోలు పోయించడం మాత్రం వేరు సంగతి, ఎందుకంటే అది అయిన ఖర్చును భరించడమే గాని శ్రమకు వెల కట్టడం కాదు.

ప్రశ్న: డబ్బు తీసుకోకుండా నేర్పితే బాధ్యత కూడా ఉండదని మదనపల్లె వైపు చాలామంది అనుకుంటారు. అది నిజమేనా?

జవాబు: నిజం కాదు. డబ్బు లేకపోవడం వల్ల ఫీజుకు సంబంధించిన చిక్కులు తొలగుతాయి గాని, రోడ్డుకు సంబంధించిన బాధ్యతలో ఒక్క పాలు కూడా తగ్గదు. ముందుగా నేర్చుకునేవారి చేతిలో ఎల్‌ఎల్‌ఆర్ ఉండాలి. జనం ఈ పేరుతో పిలిచేది, నేర్చుకోవడానికి రవాణా శాఖ ఇచ్చే తాత్కాలిక లైసెన్సును. దాని గడువు 6 నెలలు. అది చేతికి వచ్చి 30 రోజులు నిండితే గాని అసలు లైసెన్సు పరీక్షకు వెళ్లే అర్హత రాదు. నియమావళిలోని 3వ నియమం ప్రకారం, ఆ తరగతి బండికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉన్నవారు పక్కన కూర్చోవాలి, బండిని అదుపు చేయడానికి లేదా ఆపడానికి వీలైన చోట కూర్చోవాలి, బండికి ముందూ వెనకా తెల్లని పలకపై ఎర్రని ‘ఎల్’ అక్షరం కనిపించాలి. నేర్పేవారి సొంత కారులో డ్యూయల్ కంట్రోల్ ఉండదు గనుక, సీట్ల మధ్య ఉన్న హ్యాండ్ బ్రేకే నేర్పేవారి కుడిచేతికి అందే ఏకైక ఆధారమని గుర్తించి, ఆ చేతిని ఫోను మీద గాక బ్రేకు దగ్గరే ఉంచాలి.

ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోకముందే ‘ఊరి బయటే కదా’ అని స్టీరింగు అప్పగిస్తే, నడిపినవారు 181వ సెక్షన్ కిందా, బండి ఇచ్చిన యజమాని 180వ సెక్షన్ కిందా నేరస్థులవుతారు. 2019 సవరణ తరువాత ఈ రెంటికీ 5,000 రూపాయల జరిమానా గాని, 3 నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. ప్రమాదంలో ఎవరికైనా గాయమైతే నష్టపరిహారం బాధ్యత నడిపినవారితో పాటు యజమాని మీద కూడా పడుతుంది. స్నేహంతో ఇచ్చిన తాళంచెవి అయినా ఈ బాధ్యత మారదు.

ప్రశ్న: కలికిరి, మదనపల్లె ప్రాంతంలో నేర్పడానికి ఏ రోడ్లు అనువైనవి, ఏవి కావు?

జవాబు: మొదటి వారం ఖాళీ మైదానంలో క్లచ్ వదలడం, బ్రేకు వేయడం, వెనక్కి తీయడం మాత్రమే నేర్పి, ఆ తరువాతే పల్లె రోడ్డుకు వెళ్లాలి. టమాటా మార్కెట్టుకు పేరుపడిన మదనపల్లెలో పంట వచ్చే కాలమంతా లోడు లారీలూ ట్రాక్టర్లూ రోడ్డంతా ఆక్రమించి ఉంటాయి కాబట్టి, అటువంటి చోటికి కొత్తవారిని తీసుకుపోవడం వారికీ ఎదుటివారికీ అన్యాయమే. సుమారు 1,265 మీటర్ల ఎత్తున ఉన్న హార్సిలీ హిల్స్ ఘాటునూ, పీలేరు నుంచి తిరుపతి పోయే దారిలోని భాకరాపేట ఘాటునూ చివరికి ఉంచుకోవాలి. దిగేటప్పుడు బ్రేకును అదేపనిగా తొక్కితే అది వేడెక్కి పట్టు కోల్పోతుంది. తక్కువ గేరులో దిగితే ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. ఈ సూత్రం చెప్పకుండా ఘాటు ఎక్కించడం నేర్పడం అనిపించుకోదు.

ప్రశ్న: కుప్పం నుంచి కొద్ది దూరం పోతే కర్ణాటక, తమిళనాడు వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో తీసుకున్న ఎల్‌ఎల్‌ఆర్ అక్కడ చెల్లుతుందా?

జవాబు: చెల్లుతుంది. చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం ఎల్‌ఎల్‌ఆర్‌కు గాని, పూర్తి లైసెన్సుకు గాని దేశమంతటా విలువ ఉంటుంది. అయితే పక్కన లైసెన్సు ఉన్నవారు కూర్చోవడం, ఎల్ బోర్డు ఉండడం అనే షరతులు కూడా సరిహద్దు దాటి వెంట వస్తాయి.

ప్రశ్న: పుంగనూరులో ఇంటర్ చదివే 17 ఏళ్ల మేనల్లుడు ‘మామా, నాలుగు దినాలు స్టీరింగు పట్టించు’ అని అడిగితే ఏమి చేయాలి?

జవాబు: 18 ఏళ్లు నిండేదాకా ఆగమని చెప్పాలి. 199ఎ సెక్షన్ ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా యజమానికి 3 ఏళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడతాయి, బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దవుతుంది, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు దొరకదు. మేనమామ మురిపెం మేనల్లుడి భవిష్యత్తుకు అడ్డం రాకూడదు.

ప్రశ్న: విదేశాల్లో ఉన్న తెలుగువారు ఒకరికొకరు నేర్పుకోవచ్చా?

జవాబు: దేశాన్ని బట్టి ఉంటుంది. బ్రిటన్‌లో, యాదృచ్ఛికంగా అదే 1988లో వచ్చిన రోడ్డు రవాణా చట్టంలోని 123వ సెక్షన్, నమోదైన శిక్షకులు తప్ప ఇతరులు డబ్బు గాని, డబ్బు విలువ చేసేది గాని తీసుకొని కారు నేర్పడాన్ని నిషేధించింది. ఉచితంగా పక్కన కూర్చునే స్నేహితుడికైనా 21 ఏళ్లు నిండి, లైసెన్సు వచ్చి 3 ఏళ్లు గడిచి ఉండాలి. జర్మనీలో ఈ వెసులుబాటు కూడా లేదు. రోడ్డు మీద డ్రైవింగ్ స్కూలు వారే నేర్పాలి.

ప్రశ్న: ఫీజు వద్దంటే, నేర్చుకున్నవారు ఆ ఋణం ఎలా తీర్చుకోవాలి?

జవాబు: ఒకరి చేలో నాటుకు ఒకరు పోయి, ఆ పనిని తిరిగి పనితోనే తీర్చుకునే బదులు పద్ధతి ఈ ప్రాంతపు రైతులకు కొత్తది కాదు. అందులో లెక్క ఉంది గాని ధర లేదు. డ్రైవింగ్ నేర్చుకున్నవారు కూడా పెట్రోలు పోయించి, బండికి గీత పడితే బాగు చేయించి, నేర్పినవారి ఇంట్లో రాత్రివేళ ఎవరికైనా ఆసుపత్రి అవసరం పడితే స్టీరింగు పట్టుకొని ముందుకు వస్తే, ఏ ఫీజూ తీర్చలేని ఋణం అలా తీరుతుంది. నేర్పేవారికి తీరిక లేకపోయినా, ఓర్పు లేకపోయినా, పరిచయం చెడుతుందనే మొహమాటంతో ఒప్పుకోకుండా, లైసెన్సు ఉన్న స్కూలుకు పంపడమే మేలు. అక్కడ డబ్బుకు రసీదు ఉంటుంది, కాలి కింద రెండో బ్రేకు ఉంటుంది. ఒప్పుకున్న తరువాత మాత్రం, డబ్బు తీసుకున్న శిక్షకుడి కంటే ఒక పాలు ఎక్కువ శ్రద్ధతోనే నేర్పాలి, ఎందుకంటే నేర్చుకున్నవారు రేపు నడిపే బండికి ఎదురుగా నడిచి వచ్చేవారు కూడా ఇదే ఊరివారు.