ఒత్తిడి అంకె వెనుక ఉన్న నిమిషాలు

నాగర్‌కర్నూల్



వనపర్తి పాలిటెక్నిక్‌లో డిప్లొమా అయిపోయి, గద్వాలలో ఆసుపత్రి యంత్రాల మరమ్మతు పనిలో కుదురుకున్నావని మీ అమ్మ చెప్పింది. సిరంజి పంపు తెర మీద కనిపించే ఒత్తిడి అంకె ఎంత ఉండాలి, అలారం హద్దు ఎంత పెట్టాలి అని అడిగావట. దానికి ఒక్క అంకె చెప్పి ఊరుకోవచ్చు, కానీ అది నీకు పనికిరాదు. అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: మందు పోయే లైను మూసుకుపోయాక ఎన్ని నిమిషాలకు పంపు అరుస్తుంది? ఈ ఉత్తరమంతా ఆ ప్రశ్న గురించే.

ఈ పంపులు మన దాకా ఎలా వచ్చాయో చూడు. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, మన ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబరు 11న పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి విడివడ్డాయి. 2022 నవంబరులో నాగర్‌కర్నూల్, వనపర్తి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. 2024లో గద్వాలకూ కాలేజీ వచ్చింది. ఒకప్పుడు ప్రాణం మీదికొస్తే కర్నూలుకో హైదరాబాదుకో పరుగెత్తాల్సిన మనుషులకు ఇప్పుడు ఇక్కడే ఐసీయూలో మంచం దొరుకుతున్నది. మంచంతో పాటు పంపులూ వస్తాయి. వాటిని కొనడానికి డబ్బు చాలు. నమ్మదగినవిగా ఉంచడానికి మాత్రం నీలాంటి మనిషి కావాలి.

ముందు పంపు లేని కాలం సంగతి చూడు. 1832లో కలరా రోగులకు తొలిసారి నరంలోకి ఉప్పునీళ్లు ఎక్కించినవాడు స్కాట్లాండు వైద్యుడు థామస్ లాటా. ఆ తర్వాత చాలాకాలం సెలైన్ ఎక్కించడమంటే బాటిల్‌ను ఎత్తున వేలాడదీయడమే. మీటరు ఎత్తున నీళ్లుంటే అడుగున వచ్చే ఒత్తిడి సుమారు 73 మిల్లీమీటర్ల పాదరసం. చేతి నరంలో ఉండే ఒత్తిడి పది, ఆ చుట్టుపక్కల. ఆ తేడాతోనే సెలైన్ లోపలికి దిగుతుంది. నరంలో పెట్టిన కాన్యులా మూసుకుంటే చుక్కలు ఆగిపోతాయి, అంతకు మించి ఏమీ జరగదు. బాటిల్ ఎంత ఎత్తున ఉందో అంతకు మించిన ఒత్తిడి ఎప్పటికీ రాదు. చుక్కలు ఆగిన సంగతి సిస్టర్ కంటికి కనిపిస్తుంది కూడా.

పంపుకు ఆ గుణం లేదు. గంటకు ఇన్ని మిల్లీలీటర్లు అని చెప్తే, దారి ఉన్నా లేకున్నా అది తోస్తూనే ఉంటుంది. మోటరు తిరుగుతుంది, తెర మీద అంకె మారుతుంది, ఎక్కిన మందు లెక్క పెరుగుతూ పోతుంది. రోగికి మాత్రం ఒక్క చుక్కా చేరదు. ఒత్తిడిని కనిపెట్టే ఏర్పాటు పంపులో పెట్టింది ఇందుకే.

ఆ ఏర్పాటు ఏం కొలుస్తుందో తెలుసుకో. చాలా సిరంజి పంపుల్లో సెన్సరు ద్రవాన్ని తాకదు. సిరంజి పిడిని నెట్టే చోట ఎంత బలం పడుతున్నదో స్ట్రెయిన్ గేజ్ చూస్తుంది. ఆ బలాన్ని సిరంజి వైశాల్యంతో భాగించి పంపు ఒత్తిడిని లెక్కగడుతుంది. 50 మి.లీ. సిరంజి లోపలి వైశాల్యం సుమారు ఐదున్నర చదరపు సెంటీమీటర్లు. 500 మిల్లీమీటర్ల ఒత్తిడి రావాలంటే పిడి మీద దాదాపు 3.7 కిలోల బరువంత బలం పడాలి. ఇప్పుడు అదే పంపులో 20 మి.లీ. సిరంజి పెట్టి, తెర మీద 50 అనే వదిలేశారనుకో. ఆ సిరంజి వైశాల్యం మూడు చదరపు సెంటీమీటర్లే. పంపు 500 అని చూపిస్తున్నప్పుడు లైనులో నిజంగా ఉండేది 900 పైచిలుకు. ఎక్కే మందు లెక్క కూడా తప్పుతుంది. అందుకే సిరంజి సైజు, కంపెనీ పేరు తెర మీద సరిగ్గా ఎంచుకున్నారా లేదా అన్నది నువ్వు వార్డుకు పోయిన ప్రతిసారీ మొదట చూడాలి.

ఇంకో మెలిక ఉంది. పిడి చివరి రబ్బరు సిరంజి గోడకు రాసుకుంటుంది. ఆ రాపిడి బలం కూడా ఒత్తిడి లెక్కలో కలుస్తుంది. నాసిరకం సిరంజిలో రబ్బరు కాసేపు పట్టేసి, కాసేపు జారుతుంది. అప్పుడు లైను బాగానే ఉన్నా అంకె ఎగిరెగిరి పడుతుంది, లేనిపోని అలారాలు వస్తాయి. వాటితో విసిగిపోయిన సిస్టర్ హద్దును పైకి జరుపుతుంది. తప్పు ఆమెది కాదు. సిరంజి మార్చమని చెప్పాల్సింది నువ్వు.

ఇక అసలు సంగతికి వస్తాను. మన పొలాల్లో బోరు మోటరు నడుస్తుండగా ప్లాస్టిక్ పైపు మడత పడితే ఏమవుతుందో నీకు తెలుసు. పైపు ముందు ఉబ్బుతుంది, మడత విప్పగానే నీళ్లు ఒక్కసారి దూకుతాయి. పంపు లైనులో జరిగేదీ అదే, కాకపోతే కంటికి కనబడదు. సిరంజి గోడలు, రబ్బరు, ఎక్స్‌టెన్షన్ లైను అన్నీ కొద్దికొద్దిగా సాగి మందును దాచుకుంటాయి. అలారం హద్దు చేరేలోపు ఈ దాపరికం 1 మి.లీ. అనుకుందాం. గంటకు 60 మి.లీ. పోతుంటే అది ఒక్క నిమిషంలో నిండుతుంది, పంపు వెంటనే అరుస్తుంది. గంటకు 4 మి.లీ. అయితే పావుగంట పడుతుంది. గంటకు అర మి.లీ. అయితే రెండు గంటలు!

ఈ లెక్కను మంచం దగ్గరికి తీసుకుపోయి చూడు. నవజాత శిశువుల వార్డులో 1200 గ్రాముల బిడ్డకు మొదటిరోజు కిలోకు 80 మి.లీ. చొప్పున ద్రవం ఇస్తే రోజుకు 96, అంటే గంటకు 4 మి.లీ. పావుగంట గ్లూకోజ్ ఆగితే ఆ పసిదానికి చక్కెర పడిపోవడం మొదలుకావచ్చు. అదే బిడ్డకు గుండెకు బలాన్నిచ్చే మందు గంటకు అర మి.లీ. చొప్పున పోతుంటే, రెండు గంటల పాటు అందని సంగతి ఎవరికీ తెలియదు. పెద్దవాళ్ల వార్డులో పురుగుమందు ఒంట్లోకి పోయిన రైతు విరుగుడుగా అట్రోపిన్ మీద ఉంటాడు. పత్తి పండే మన జిల్లాల్లో ఇలాంటి కేసులు కొత్త కాదు. అతనికి మందు ఆగితే ఊపిరితిత్తుల్లో నీరు మళ్లీ ఊరుతుంది. ఈ మూడు సందర్భాల్లోనూ పంపు చెడిపోలేదు, హద్దు ఎక్కడ పెట్టారో అక్కడే సరిగ్గా అరుస్తుంది. ఆలస్యం మాత్రం హద్దులోనే ఉంది.

కాబట్టి నెమ్మదిగా పోయే మందుకు హద్దు తక్కువ ఉండాలి. చాలా పంపుల్లో సుమారు 100 నుంచి 900 దాకా హద్దును మార్చుకోవచ్చు. కొన్ని పంపులు కొత్తగా ఆన్ చేయగానే మధ్యస్థమైన హద్దుకు పోతాయి, కొన్ని కిందటిసారి పెట్టినదాన్నే గుర్తుంచుకుంటాయి. మీ దగ్గర ఉన్నది ఏ రకమో చూసుకో. హద్దు తగ్గించడం ఒక్కటే మార్గం కాదు. గంటకు అర మి.లీ. మందుకు 50 మి.లీ. సిరంజి ఎందుకు? 20 మి.లీ. సిరంజి, పొట్టి లైను వాడితే దాపరికం తగ్గుతుంది, అలారం ముందే వస్తుంది. లైనులో గాలి బుడగ ఉంటే దాపరికం పెరుగుతుంది. బయటి గాలి ఒత్తిడి 760. లైనులో ఇంకో 760 చేరేసరికి 1 మి.లీ. బుడగ అర మి.లీ.కి కుంచించుకుపోతుంది, మిగతా అర మి.లీ. చోటును మందు నింపుకుంటుంది.

హద్దు మరీ తగ్గిస్తే ఏమవుతుందో కూడా తెలియాలి. సన్నని గొట్టంలో వ్యాసార్ధం సగమైతే, అదే ప్రవాహానికి పదహారు రెట్ల ఒత్తిడి కావాలి. పసుపు రంగు 24 గేజి కాన్యులాలో వేగంగా ఎక్కిస్తుంటే, అడ్డంకి ఏమీ లేకున్నా ఒత్తిడి ఎక్కువే కనిపిస్తుంది. ఆకుపచ్చ 18 గేజిలో అంత కనిపించదు. అందుకే అంకె ఒక్కటే చూడకు, అది పోయే దారిని చూడు. మందు మొదలుపెట్టి పది నిమిషాలయ్యాక స్థిరపడిన అంకెను షీటు మీద రాయమని సిస్టర్‌కు చెప్పు. ఆ తర్వాత అది మెల్లగా ఎక్కుతూ పోతుంటే, అలారం రాకముందే కాన్యులా చూడాలి.

అలారం మోగాక జరిగే ప్రమాదం మోగకముందు దానికంటే పెద్దది. లైనులో దాచుకున్న మందు ఎక్కడికీ పోలేదు. ఒంగిన చెయ్యి చాపినా, మూసిన త్రీ-వే కుళాయి తిప్పినా అదంతా ఒక్కసారి నరంలోకి దూకుతుంది. బీపీ నిలిపే నోరాడ్రినలిన్ గంటకు 3 మి.లీ. పోతున్నదనుకో. అర మి.లీ. దూకిందంటే పది నిమిషాల మందు ఒక్క క్షణంలో ఎక్కినట్టు. బీపీ ఎక్కడికి పోతుందో డాక్టర్లను అడుగు. కొన్ని పంపులు అలారం రాగానే పిడిని కాస్త వెనక్కి లాగి ఈ ఒత్తిడి దించుతాయి. అన్నీ ఆ పని చెయ్యవు. ఉన్నా లేకున్నా పద్ధతి ఒక్కటే: పంపు ఆపాలి, ఒత్తిడిని రోగి వైపు కాకుండా బయటికి వదలాలి, ఆ తర్వాతే అడ్డంకి తియ్యాలి.

ఒత్తిడి చూడలేనివి రెండున్నాయి, వాటిని మరువకు. కాన్యులా నరం దాటి పక్క కణజాలంలోకి జారితే మందు చర్మం కింద చేరుతుంది. ఆ మెత్తని కణజాలం మందును లోపలికి రానిస్తుంది, ఒత్తిడి పెద్దగా పెరగదు. చెయ్యి వాచినా పంపు అరవదు. రెండోది, లైను ఊడిపోయి మందు దుప్పటి మీద కారడం. అప్పుడు ఒత్తిడి ఇంకా తగ్గుతుంది, పంపుకు అంతకంటే హాయి లేదు. ఈ రెంటినీ పట్టేది సిస్టర్ కన్ను, చెయ్యి. పంపు ఉందికదా అని కాన్యులా చూడటం మానే వార్డులో పంపు లేకపోవడమే మేలు.

ఇప్పుడు నీ బల్ల మీద పని. ప్రతి పంపుకూ మూడు కొలతలు తియ్యి. సిరంజిలో నీళ్లు నింపు, గాలి తీసెయ్యి, వార్డులో వాడే లైనే తగిలించి చివర త్రీ-వే ద్వారా డిజిటల్ ప్రెషర్ మీటరు పెట్టు. పంపు నడిపి, అలారం వచ్చేసరికి ఎన్ని నిమిషాలైందో, మీటరులో ఎంత చూపిందో, త్రీ-వే తిప్పి వదిలితే ఎంత నీరు దూకిందో రాసుకో. తొందరపడి గంటకు 100 మి.లీ. దగ్గర మాత్రమే పరీక్షించకు. 5 దగ్గర, 1 దగ్గర కూడా చూడు. సమయం పడుతుంది, కానీ వార్డులో జరిగేది అక్కడే. బీపీ మీటరును దీనికి వాడకు. దాని ముల్లు 300 దాకానే పోతుంది, పైగా అది గాలికి చేసిన పరికరం. ప్రెషర్ మీటరు మీద అనుమానం వస్తే 136 సెంటీమీటర్ల నీటి మట్టం పెట్టు, 100 చూపాలి.

ఊరి సంగతులు కూడా లెక్కలోకి తీసుకో. ఎండాకాలం మన దగ్గర వేడి నలభై దాటుతుంది. ఏసీ లేని గదిలో ఉంచిన పంపు సెన్సరు సున్నా కాస్త జరగవచ్చు. సిరంజి లేకుండా సున్నా చూపుతున్నదా అని ఏప్రిల్‌లో ఒకసారి, మళ్లీ వానలు పడ్డాక ఒకసారి చూడు. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో పంపు మీద రాసిన అంకెను నమ్మకుండా నడిపి చూడు. గద్వాల నుంచి కర్నూలుకు రోగిని పంపేటప్పుడు అంబులెన్సులో పంపును రోగి గుండె ఎత్తులోనే బిగించాలి. ఎత్తు మారిన ప్రతి మీటరుకూ ఆ 73 మిల్లీమీటర్లు వచ్చి చేరతాయి. పిడి గట్టిగా పట్టుకోని సిరంజి పైన ఉంటే మందు దానంతట అదే జారిపోగలదు.

ఇదంతా మన దగ్గరి బాధ మాత్రమే అనుకోకు. 2005 నుంచి 2009 వరకు అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏకు ఇన్‌ఫ్యూజన్ పంపులతో జరిగిన చెడు ఘటనల మీద దాదాపు 56,000 నివేదికలు అందాయి. ఆ కాలంలో కంపెనీలు 87 సార్లు పంపులను వెనక్కి పిలిచాయి. ఆ నివేదికలు చూశాక 2010లో ఎఫ్‌డీఏ పంపుల భద్రతను మెరుగుపరిచే కార్యక్రమం మొదలుపెట్టింది. మన దేశంలోనూ 2015 నుంచి వైద్య పరికరాల వల్ల జరిగే హానిని నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం ఉంది, ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతుంది. పంపు తేడా చేసిందంటే లాగ్‌బుక్కులో రాసి మూసెయ్యకుండా అక్కడికి పంపు. నువ్వు రాసిన కాగితం నీకు తెలియని ఊళ్లో ఇంకో పంపును సరిచేస్తుంది.

చివరగా ఒక పని అప్పగిస్తున్నా. నీ కొలతలు పూర్తయ్యాక వార్డులో మిల్లీమీటర్ల పట్టిక అతికించకు. సిస్టర్‌కు 300కూ 500కూ తేడా తెలియాల్సిన అవసరం లేదు. ప్రతి పంపు మీద చిన్న చీటీ అంటించు: "గంటకు 5 మి.లీ. అయితే ఇన్ని నిమిషాల్లో అరుస్తుంది, 1 మి.లీ. అయితే ఇన్ని నిమిషాల్లో." అది చదివినామె అంతకంటే ముందే ఒకసారి వచ్చి కాన్యులా చూసిపోతుంది. మొదటి పంపు చీటీ రాయగానే ఆ అంకెలు నాకు పంపు. ఏ సిరంజి, ఎంత పొడవు లైను వాడావో కూడా రాయి. అవి లేకుంటే నిమిషాలు దేనివో నాకు అర్థం కాదు.

అమ్మకు నా నమస్కారం చెప్పు.

నీ మేనమామ