పాత రిసీవర్, కొత్త టీవీ, నడుమ కంప్యూటర్: సందేహాలు - సమాధానాలు

ఈ విడత ఉత్తరాల్లో ఎక్కువ భాగం నల్లగొండ, పాలమూరు వైపు నుంచే వచ్చాయి. విషయమూ దాదాపు ఒక్కటే. ఇంట్లో పదేళ్లు దాటిన హోం థియేటర్ ఉంది, కొత్తగా పెద్ద టీవీ కొన్నారు, కంప్యూటర్‌ను ఈ రెండింటికీ ఎలా కలపాలి? పాతది తీసేసి సౌండ్‌బార్ కొనమని దుకాణంలో చెప్పారని ముగ్గురు నలుగురు రాశారు. ఆ తొందర వద్దు. మంచి స్పీకర్‌కూ ఆంప్లిఫయర్‌కూ పదిహేనేళ్లు పెద్ద వయసు కాదు. ముందుగా పాతబడేవి వెనుక ఉన్న సాకెట్లే.

సందేహం: సార్, 2010లో కొన్న ఏవీ రిసీవర్ మా దగ్గరుంది. పోయిన దసరాకు 55 అంగుళాల 4కె టీవీ తీసుకున్నాం. కంప్యూటర్ నుంచి రిసీవర్‌కు, అక్కడి నుంచి టీవీకి హెచ్‌డీఎంఐ వైర్లు కలిపాను. సౌండు బ్రహ్మాండం. బొమ్మే మసకగా ఉంది, అక్షరాలు చెదిరినట్టు కనిపిస్తున్నాయి. ఓటీటీలో కొన్ని సినిమాలు ఆడటం లేదు. ఖరీదైన కేబుల్ వేస్తే బాగవుతుందన్నారు. నిజమేనా?
- విశ్రాంత ఉపాధ్యాయుడు, మిర్యాలగూడ

సమాధానం: కేబుల్‌కు డబ్బు పెట్టకండి మాస్టారూ. రిసీవర్ కూడా పాడవలేదు. కంప్యూటర్‌కు వైరు తగిలించగానే అది అవతలి పరికరాన్ని ‘నువ్వు ఎంత బొమ్మ తీసుకోగలవు?’ అని అడుగుతుంది. మీ అమరికలో జవాబు చెబుతున్నది టీవీ కాదు, నడుమ కూర్చున్న రిసీవర్. 2010 నాటి రిసీవర్ సాధారణంగా చెప్పే జవాబు 1920 చుక్కలు 1080 గీతల బొమ్మ అని. కంప్యూటర్ అంతే పంపుతుంది. టీవీ దాన్ని 3840, 2160కి సాగదీస్తుంది. మీకు కనిపించే మసక ఆ సాగదీతే. హెచ్‌డీఎంఐ మొదటి ప్రమాణం 2002 చివర్లో వచ్చింది. 4కె బొమ్మను సెకనుకు 60 ఫ్రేముల వేగంతో మోయగల 2.0 రకం వచ్చింది 2013లో. దానికి ముందు తయారైన పెట్టె తన కాలానికి తగ్గ పనే చేస్తోంది.

సినిమాలు ఆడకపోవడానికి కారణం వేరు. 4కె ఓటీటీ బొమ్మకు హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ రక్షణ తాళం ఉంటుంది. దారిలో ఉన్న ప్రతి పెట్టెకూ ఆ తాళం తెలిసి ఉండాలి. మీ రిసీవర్‌కు తెలియదు. అందుకే తెర నల్లబడుతుంది, లేదంటే తక్కువ నాణ్యతలో వస్తుంది.

చేయవలసింది ఒక్కటే. బొమ్మకు ఒక దారి, శబ్దానికి మరో దారి వేయండి. కంప్యూటర్ హెచ్‌డీఎంఐని నేరుగా టీవీకి పెట్టండి. టీవీ వెనుక ఆప్టికల్ అని రాసిన చిన్న చదరపు రంధ్రం ఉంటుంది, దాని నుంచి రిసీవర్ ఆప్టికల్ ఇన్‌కు మరో కేబుల్ వేయండి. ఇది తోషిబా కంపెనీ 1983లో తెచ్చిన ఏర్పాటు. ఇన్నేళ్ల తర్వాత కూడా కొత్త టీవీల్లో చాలావాటికి ఉంది. కొత్త కేబుల్ రెండు చివర్లకూ సన్నటి ప్లాస్టిక్ టోపీలుంటాయి. వాటిని తీయకుండా గుచ్చి ‘సౌండ్ రావట్లేదు’ అనేవాళ్లు చాలామంది. టీవీ ఆన్‌లో ఉన్నప్పుడు కేబుల్ రెండో చివర ఎర్రటి వెలుగు కనిపిస్తే దారి సరిగ్గా ఉన్నట్టే. గోడ మూల దగ్గర దాన్ని మడతపెట్టి మేకు కొట్టకండి, లోపలి పోగు విరుగుతుంది.

మీ రిసీవర్ అవుట్ సాకెట్ పక్కన ఏఆర్‌సీ అన్న అక్షరాలున్నాయేమో కూడా చూడండి. 2009లో వచ్చిన 1.4 ప్రమాణంతో మొదలైన సదుపాయం అది. ఉంటే ఆప్టికల్ కేబుల్ కూడా కొననక్కర్లేదు. ఇప్పుడున్న హెచ్‌డీఎంఐ వైరే టీవీ శబ్దాన్ని రిసీవర్‌కు వెనక్కు తెస్తుంది. టీవీ వైపు కూడా ఏఆర్‌సీ రాసి ఉన్న సాకెట్‌లోనే పెట్టాలి. సెట్టింగుల్లో సామ్‌సంగ్ అయితే ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీ అయితే సింప్‌లింక్, సోనీ అయితే బ్రావియా సింక్ ఆన్ చేయాలి.

ఇక ఆరు స్పీకర్ల సంగతి. ఆప్టికల్ కేబుల్ మామూలు పీసీఎం శబ్దాన్ని రెండు చానళ్లుగానే మోస్తుంది. డాల్బీ డిజిటల్, డీటీఎస్ రూపంలో కుదించి పంపితే 5.1 వస్తుంది. టీవీలో డిజిటల్ సౌండ్ అవుట్‌పుట్‌ను పీసీఎం నుంచి బిట్‌స్ట్రీమ్‌కో, ఆటోకో మార్చండి. అయినా చాలా టీవీలు కంప్యూటర్‌కు ‘నాకు రెండు చానళ్లే’ అని చెప్పి ఊరుకుంటాయి. అప్పుడు కంప్యూటర్‌కు రెండో వీడియో సాకెట్ ఉంటే, అందులోంచి పాత రిసీవర్‌కు ఇంకో వైరు లాగండి. కంప్యూటర్ దాన్ని రెండో మానిటర్‌గా భావిస్తుంది. భావించనివ్వండి. టాస్క్‌బార్‌లో స్పీకర్ గుర్తు నొక్కి శబ్దం వెళ్లే చోటుగా రిసీవర్ పేరును ఎంచుకోండి, స్పీకర్ల అమరికలో 5.1 పెట్టండి. తెరలను డూప్లికేట్‌లో కాక ఎక్స్‌టెండ్‌లో ఉంచండి. డూప్లికేట్‌లో పెడితే టీవీ బొమ్మ మళ్లీ రిసీవర్ స్థాయికి దిగిపోవచ్చు.

సందేహం: అన్నా, మా నాయిన దుబాయిల పనిచేసి వచ్చేటప్పుడు డీవీడీ హోం థియేటర్ తెచ్చిండు. పన్నెండేండ్లయింది, స్పీకర్లు మంచిగనే ఉన్నయి. ల్యాప్‌టాప్ హెచ్‌డీఎంఐ వైరు దానికి పెడితే ఏం వస్తలేదు. టీవీకి పెడితే బొమ్మ వస్తది గని సౌండు టీవీలకెల్లే వస్తుంది. ఏం చెయ్యాలె?
- డిగ్రీ విద్యార్థి, దేవరకొండ

సమాధానం: తమ్ముడూ, ఆ సాకెట్ పక్కన ఏం రాసి ఉందో టార్చి వేసి చూడు. అవుట్ అని ఉంటుంది. డీవీడీ బొమ్మను టీవీకి పంపడానికి పెట్టినది అది, తీసుకునేది కాదు. ల్యాప్‌టాప్‌దీ అవుటే. రెండు అవుట్లను ముఖాముఖి పెడితే ఏమీ జరగదు.

హెచ్‌డీఎంఐని టీవీకే ఉంచు. హోం థియేటర్ వెనుక ఆప్టికల్ ఇన్ ఉంటే పైన చెప్పిన పద్ధతే. లేకపోతే ఎరుపు, తెలుపు రంగుల రెండు గుండ్రటి సాకెట్లు ఆడియో ఇన్ పేరుతోనో, ఆక్స్ పేరుతోనో ఉంటాయి. ఒకవైపు ఇయర్‌ఫోన్ పిన్ను, మరోవైపు ఆ రెండు పిన్నులు ఉండే వైరు మీ ఊరి సెల్‌ఫోన్ దుకాణంలోనే దొరుకుతుంది. ఇయర్‌ఫోన్ పిన్నును ల్యాప్‌టాప్‌కు పెట్టు, రిమోట్‌లో ఫంక్షన్ బటన్ నొక్కుతూ ఆక్స్ వచ్చే దాకా పో. ల్యాప్‌టాప్ వాల్యూమ్ 80 దగ్గర ఉంచి, పెంచడం తగ్గించడం హోం థియేటర్ రిమోట్‌తోనే చెయ్యి. తక్కువ సిగ్నల్ ఇచ్చి అక్కడ బాగా పెంచితే బుసబుసమనే చప్పుడు కూడా పెరుగుతుంది. ఈ దారిలో వచ్చేది రెండు చానళ్ల శబ్దమే. ప్రో లాజిక్ బటన్ ఉంటే నొక్కు, మాటలు నడిమి స్పీకర్‌లోకి వస్తాయి. నాయిన తెచ్చిన పెట్టెను పారేయాల్సిన పని లేదు.

సందేహం: పాటలో నటుల పెదాలు కదిలేలోపే మాట వినిపిస్తోంది. కంప్యూటర్ శబ్దం నేరుగా ఆంప్లిఫయర్‌కు, బొమ్మ టీవీకి ఇచ్చాం.
- గృహిణి, వనపర్తి

సమాధానం: టీవీ ప్రతి ఫ్రేమును మెరుగుపెట్టి చూపిస్తుంది కాబట్టి బొమ్మ కాస్త ఆలస్యమవుతుంది. శబ్దానికి ఆ ఆలస్యం లేదు. టీవీలో పిక్చర్ మోడ్‌ను గేమ్‌కు మార్చండి, చాలా వరకు సరిపోతుంది. ఇంకా తేడా ఉంటే రిసీవర్ మెనూలో ఆడియో డిలే లేదా లిప్ సింక్ అని ఉంటుంది, కొద్దికొద్దిగా పెంచుతూ చూడండి. వీఎల్‌సీ ప్లేయర్‌లో సినిమా చూస్తుంటే కీబోర్డు మీద ‘కె’ నొక్కితే శబ్దం వెనక్కు జరుగుతుంది, ‘జె’ నొక్కితే ముందుకొస్తుంది.

సందేహం: టీవీలో కంప్యూటర్ తెర అంచులు కోసుకుపోతున్నాయి, కింది పట్టీ కనిపించదు.
- సూర్యాపేట పాఠకుడు

సమాధానం: కంప్యూటర్‌ను ముట్టుకోకండి. టీవీ పిక్చర్ సైజులో స్క్రీన్ ఫిట్, జస్ట్ స్కాన్, ఫుల్ పిక్సెల్ అన్న పేర్లలో ఏదో ఒకటి ఉంటుంది. అది పెడితే చాలు.

సందేహం: మా అబ్బాయి అమెరికా నుంచి వస్తూ తను వాడిన రిసీవర్ తెచ్చి ఇచ్చాడు. పిన్ను మార్చి ప్లగ్ పెడదామనుకుంటున్నాం.
- షాద్‌నగర్ పాఠకుడు

సమాధానం: ఈ ఉత్తరం చేరేలోపు పెట్టి ఉండకూడదని కోరుకుంటున్నాను. ల్యాప్‌టాప్ చార్జరు, ఫోన్ చార్జరు 100 నుంచి 240 వోల్టుల దాకా ఎక్కడైనా పనిచేస్తాయి. రిసీవర్ సంగతి అలా కాదు. అక్కడ కొన్నవాటి వెనుక సాధారణంగా 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంటుంది. మన 230 నేరుగా ఇస్తే ఫ్యూజు పోతుంది, అదృష్టం బాగా లేకపోతే ట్రాన్స్‌ఫార్మరే మాడిపోతుంది. వోల్టేజీ మార్చే చిన్న స్విచ్ వెనుక ఉందేమో ముందు వెతకండి. లేకపోతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. వెనుక 400 వాట్లు అని ఉంటే కనీసం రెట్టింపు సామర్థ్యం ఉన్నది, రెండు వేర్వేరు చుట్లు ఉన్నది అడిగి తీసుకోండి. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ దుకాణాల్లో అడగండి. 60 హెర్ట్జ్‌కు చేసిన పెట్టె మన 50 మీద కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది. పైన గుడ్డ కప్పకుండా, చుట్టూ గాలి ఆడేలా పెట్టండి.

దాని రేడియో మాత్రం మీకు సగమే అందుతుంది. అమెరికాలో ఎఫ్‌ఎం స్టేషన్ల అంకెలు చివర బేసిగానే ఉంటాయి. చాలా రిసీవర్లు ఆ అంకెల మీదే ఆగుతాయి. హైదరాబాద్ రెయిన్‌బో 101.9 దొరుకుతుంది, వివిధ భారతి 102.8 దొరకదు.

సందేహం: కంప్యూటర్, రిసీవర్, టీవీ కలిపాక స్పీకర్లలో ‘జుయ్’మని ఆగకుండా మోత. కంప్యూటర్ ఇనుప డబ్బాను వట్టికాళ్లతో తాకితే చెయ్యి జివ్వుమంటోంది. మోత పోవాలంటే మూడో పిన్ను తీసేయమని తెలిసినాయన చెప్పాడు. తీసేయమంటారా?
- వ్యవసాయదారుడు, నారాయణపేట

సమాధానం: తీయకండి. ఆ మూడో పిన్నే మిమ్మల్ని కాపాడేది. బహుశా మీ ఇంట్లో ఇప్పటికే అది పేరుకు మాత్రమే ఉంది, లేకపోతే చెయ్యి జివ్వుమనదు.

కంప్యూటర్ పవర్ సప్లైలో కరెంటు శుద్ధి చేసే చిన్న కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటును ఇనుప డబ్బాకు వదులుతాయి. ఎర్త్ బాగుంటే అది నేలలోకి పోతుంది. లేనప్పుడు డబ్బా మీద దాదాపు 110 వోల్టులు నిలిచి ఉంటాయి. కరెంటు చాలా స్వల్పం కాబట్టి మనిషికి జివ్వుమంటుంది అంతే. కానీ అదే స్థితిలో హెచ్‌డీఎంఐ పిన్ను గుచ్చితే, ఆ కరెంటు సాకెట్ వెనుక ఉన్న చిప్ గుండా అవతలికి దూకుతుంది. ‘నిన్న పనిచేసింది, ఇవాళ సాకెట్ పోయింది’ అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడుందని నా అభిప్రాయం. అందుకే వైర్లు కలిపేటప్పుడు అన్నిటి ప్లగ్గులూ గోడ నుంచి తీసి, కలపడం అయ్యాకే పెట్టాలి.

ఇక నేల. మన పాలమూరు, నల్లగొండ మెట్టల్లో చాలాచోట్ల పైన మూరెడు చెల్క, ఆ కింద మొరం, ఆ కింద గ్రానైటు. కృష్ణా డెల్టా నల్లరేగడి తేమను పట్టి ఉంచుతుంది, అక్కడ పైపు దిగేస్తే ఎర్త్ కుదురుతుంది. మన రాయి కరెంటును పోనివ్వదు. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ రెండడుగుల గుంతలో ఇనుప కడ్డీ పాతి, వైరు చుట్టి మూసేసి ఉంటే వానాకాలంలో ఏదో నడుస్తుంది, ఏప్రిల్, మే నెలల్లో అది ఎర్త్ కాదు. ఎనిమిది తొమ్మిది అడుగుల లోతు గుంత తీయించండి. జీఐ పైపు దింపి చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేయించండి. రాయి అడ్డొచ్చి అంత లోతు పోకపోతే, కొంత దూరంలో ఇంకో గుంత తీసి రెండింటినీ కలపాలి. బెంటొనైట్ కలిసిన ఎర్తింగ్ పొడి ఉప్పు కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. స్నానాల గది నీరు పోయే చోటికి దగ్గరగా ఉంటే మేలు. ఎండాకాలమంతా గుంతలో బిందెడు నీళ్లు పోస్తూ ఉండాలి. చెట్టుకు పోసినట్టే దీనికీ పోయాలి.

ఎర్త్ బాగుందో లేదో మీటరు ఒక్కటే చెప్పలేదు. మీటరు లాగే కరెంటు చాలా తక్కువ, బలహీనమైన ఎర్త్‌కూ 230 చూపిస్తుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య 100 వాట్ల పాత రకం బల్బు పెట్టి చూడమనండి. నిండుగా వెలగాలి, మినుకుమినుకుమంటే ఎర్త్ చాలదు. ఈ పని మీరు చేయకండి. సాకెట్‌లో న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ కలిపేసి ‘అయిపోయింది’ అనేవాళ్లు ఉన్నారు, వాళ్లను ఇంట్లోకి రానివ్వకండి. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే ప్రతి ఇనుప డబ్బా మీదికీ పూర్తి కరెంటు వస్తుంది. 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఒకటి బోర్డులో పెట్టించుకోండి.

మోత సంగతికి వస్తే, ముందు డిష్ లేదా కేబుల్ టీవీ వైరును టీవీ నుంచి పీకి చూడండి. మోత ఆగిపోతే కారణం అదే. మేడ మీది డిష్ ఒక నేల, ఇంటి ఎర్త్ ఇంకో నేల అయినప్పుడు వాటి మధ్య తేడా కరెంటు మీ ఆడియో వైరులో పారుతుంది. కంప్యూటర్, టీవీ, రిసీవర్ మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టండి. ఆడియో వైరు తీసి ఆప్టికల్ పెట్టండి. అది వెలుగును మోసే ప్లాస్టిక్ పోగు, రాగి కాదు, దాని గుండా ఈ తేడా కరెంటు పారే వీలే లేదు. ఎర్త్ తీయకుండా మోత తీసే సరైన మార్గం అది.

తొలకరి ఉరుములు మొదలయ్యాయంటే స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గుతో పాటు డిష్ వైరు, ఇంటర్నెట్ వైరు కూడా పీకాలి. ఊళ్లో బోరు మోటార్లన్నీ ఒక్కసారి మొదలైనప్పుడు వోల్టేజీ పడి లేస్తుంటే టీవీకి, రిసీవర్‌కు కలిపి ఒక స్టెబిలైజర్ పెట్టుకోండి.

పాఠకులకు ఒక మనవి. ‘పాత సోనీ’, ‘నల్ల డబ్బా’ అని మాత్రమే రాస్తే సరైన జవాబు చెప్పడం కష్టం. రిసీవర్ వెనుక అట్ట మీద ఉన్న మోడల్ నంబరు, వోల్టేజీ రాయండి, వెనుక పలక ఫొటో ఒకటి జతచేయండి. సాకెట్ల పక్కన ఇన్ ఉందో అవుట్ ఉందో తప్పక చూసి రాయండి.