మూలలు లేని ఇల్లు కొనవచ్చా?

ప్రశ్న: చేవెళ్ల దగ్గర గుండ్రటి గోడలు, గుమ్మటం కప్పు ఉన్న ఫెర్రోసిమెంట్ ఇల్లు అమ్మకానికి వచ్చింది. మాకు బాగా నచ్చింది. బ్యాంకు మాత్రం లోనుకు వెనకాడుతోంది. కొనవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అలాంటి ఇల్లు చుట్టుపక్కల మరొకటి అమ్ముడై ఉండదమ్మా. పోల్చి చూసే ధర లేక బ్యాంకు వాల్యుయర్ తటపటాయిస్తారు, స్థలం విలువకే మొగ్గుతారు. మీ బేరమూ అక్కణ్నుంచే మొదలుపెట్టండి. కట్టిన ఇల్లు ఆమోదించిన ప్లాన్‌తో సరిపోవాలి. ఒకప్పటి సాగుభూమైతే నాలా (వ్యవసాయేతర వాడకానికి) మార్పిడి కాగితం అడగండి, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి.

నాకు ఎక్కువ పట్టింపు గోడల గురించే. ఫెర్రోసిమెంట్ అంటే ఇనుప జాలీకి పట్టించిన సిమెంటు, ఇసుక పొర. మందం ఇంచుమించు అంగుళం. వంపే దానికి బలం. జాలీని కప్పేది కొద్ది మిల్లీమీటర్లే కాబట్టి తడి చేరితే తుప్పు పట్టి ఉబ్బుతుంది, పైపొర పెచ్చులూడుతుంది. గట్టి వాన పడిన మర్నాడు వెళ్లండి. కిటికీల చుట్టూ, గుమ్మటం గోడను కలిసేచోట తుప్పు చారలు వెతకండి. నాణెంతో తట్టి చూడండి. బోలుగా మోగితే అక్కడ పొర విడిపోయి ఉండవచ్చు. ఎండాకాలం మధ్యాహ్నం లోపల కాసేపు కూర్చుంటే వేడి సంగతీ తెలుస్తుంది. గోడలు గుండ్రటివి కదా, బీరువా ఎక్కడ పడుతుందో కొలుచుకోండి.

చారలు గానీ బోలు చప్పుడు గానీ ఉంటే బయానా ఇవ్వకముందే ఫెర్రోసిమెంట్ తెలిసిన స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించండి. ప్లాన్ లేదంటే లాయర్ని కలిశాకే అగ్రిమెంటు.