సైనికుల ఊళ్ళో కాఫీ కొట్టు

ఇంటికి ఒక కాగితం వచ్చేది. పద్దెనిమిదేళ్ళు నిండిన కొడుకు పేరు మీద వచ్చేది. అది చూస్తే తల్లి గుండె జారిపోయేది. సైన్యంలో చేరమని సర్కారు రాసిన కాగితం అది. చేరనంటే జైలు.

ఇది అమెరికా దేశంలో మాట. అప్పుడు ఆ దేశం వియత్నాంలో యుద్ధం చేస్తోంది. కాలేజీలో చదివే పిల్లలకు వాయిదా దొరికేది. కాలేజీ గడప తొక్కని పేదింటి పిల్లలకు ఆ వాయిదా లేదు. ఆ యుద్ధంలో 58 వేల మందికి పైగా అమెరికా సైనికులు చనిపోయారు. వియత్నాం వాళ్ళయితే లక్షల్లో పోయారు. తల్లి ఏ దేశంలో ఉన్నా తల్లే కదా!

సైనికులు ఉండే చోటును శిబిరం అంటారు. శిబిరం పక్క ఊళ్ళో మందు కొట్లు ఉండేవి. తాకట్టు కొట్లు ఉండేవి. జీతం డబ్బు అక్కడే అయిపోయేది. మనసులో మాట చెప్పుకుందామంటే చోటు లేదు. శిబిరంలో నోరు విప్పితే శిక్ష.

ఫ్రెడ్ గార్డ్‌నర్ అనే యువకుడు పెద్ద కాలేజీలో చదువుకున్నవాడు. అతను స్నేహితులతో కలిసి ఒక కాఫీ కొట్టు పెట్టాడు. కొలంబియా అనే పట్నంలో, 1968 మొదట్లో. అదే ఏడాది వేసవిలో టెక్సాస్ రాష్ట్రంలోని కిల్లీన్ అనే ఊళ్ళో ఇంకొకటి లేచింది. అక్కడి శిబిరం పేరు ఫోర్ట్ హుడ్. చాలా పెద్దది.

కిల్లీన్ కొట్టు పేరు ఓలియో స్ట్రట్. వింత పేరే. హెలికాప్టరు నేల మీద దిగేటప్పుడు కుదుపు తగలకుండా కాళ్ళకు ఒక సామాను ఉంటుంది. మోటారుసైకిలుకు షాకబ్జర్ ఉన్నట్టు. దాని పేరే కొట్టుకు పెట్టారు. యుద్ధం నుంచి వచ్చిన పిల్లలకు కుదుపు తగ్గాలి అని.

కాలేజీ చదువు ముగించిన పిల్లలు అక్కడికి వచ్చి పనిచేశారు. ఆడపిల్లలూ ఉన్నారు, మగపిల్లలూ ఉన్నారు. జీతం కోసం వచ్చినవాళ్ళు కారు. కాఫీ కాచారు. కప్పులు కడిగారు. నేల ఊడ్చారు. అన్నిటికంటే పెద్ద పని, ఎదుటివాళ్ళు చెప్పేది వినడం. అది చూడ్డానికి తేలికే. చేసి చూస్తే తెలుస్తుంది.

సైనికులు కొట్టులో పుస్తకాలు చదివేవాళ్ళు. పాటలు వినేవాళ్ళు. సొంతంగా ఒక పత్రిక కూడా రాసుకున్నారు. దాని పేరు ఫెటీగ్ ప్రెస్. అంతవరకు పైవాళ్ళ హుకుంలు చదవడమే వాళ్ళ వంతు. ఇప్పుడు తమ మాట తాము రాశారు. అనుమతి లేకుండా దాన్ని శిబిరంలో పంచితే శిక్ష పడేది. అయినా చాటుగా చేతులు మారేది.

1968 ఆగస్టులో షికాగో నగరంలో యుద్ధం వద్దని జనం ఊరేగింపులు తీశారు. వాళ్ళను అణచడానికి ఫోర్ట్ హుడ్ సైనికులను సిద్ధం చేశారు. మన జనం మీదికి మేం పోవాలా అని నల్లజాతి సైనికులు శిబిరంలోనే రాత్రంతా కూర్చుని మాట్లాడుకున్నారు. తెల్లవారాక 43 మందిని అరెస్టు చేశారు. వాళ్ళలో వియత్నాంలో పోరాడి వచ్చినవాళ్ళూ ఉన్నారు.

మూడేళ్ళ తర్వాత, 1971లో, కిల్లీన్‌లో ఇంకో గొడవ. ఒక నగల దుకాణం సైనికులకు వాయిదాల మీద నగలు అంటగడుతోంది. ఆ దుకాణంలో కొనొద్దు అని సైనికులు ఎదుట నిలబడ్డారు. వాయిదా బాకీ ఎట్లా పెరుగుతుందో మనకు ఒకరు చెప్పాలా?

ఊరి పెద్దలు ఊరుకోలేదు. కొలంబియా కొట్టును 1970లో మూయించారు. ఊరికి ఇబ్బంది అని కేసు పెట్టారు. కాఫీ పోసినవాళ్ళకు కోర్టు ఆరేళ్ళ జైలు శిక్ష వేసింది! ఓలియో స్ట్రట్ 1972 దాకా నడిచింది. బలవంతంగా సైన్యంలో చేర్చుకోవడం 1973లో ఆగింది. యుద్ధం 1975లో ముగిసింది. ఒక్క కాఫీ కొట్టే ఇదంతా చేసిందంటే అబద్ధం. చాలామంది చాలా చోట్ల నిలబడ్డారు.

2009లో అదే కిల్లీన్‌లో మళ్ళీ ఒక కాఫీ కొట్టు తెరిచారు. ఈసారి ఇరాక్, ఆఫ్ఘనిస్థాన్ యుద్ధాల నుంచి వచ్చినవాళ్ళ కోసం. దాన్ని నడిపింది ఒక సైనికుడి భార్య. ఆమె భర్త ఇరాక్ వెళ్ళి వచ్చినవాడు.

పలక మీద రాయండి: కాగితం, శిబిరం, యుద్ధం, వాయిదా, పత్రిక.

మాట్లాడుకోండి: ఆ సైనికులు పత్రికను చాటుగా ఎందుకు పంచారు? మీరంతా కలిసి ఒక పత్రిక రాస్తే, మొదటి పేజీలో ఏ సంగతి రాస్తారు?