నాయకుని కోపము, నాయకుని సంతోషము

పాఠ్యభాగము: నెహెమ్యా 5:1–13



చింతాద్రిపేట 1734లో నేతపనివారి కోసం ఏర్పడిన పేట. తెలుగు ఇక్కడ కొత్త కాదు. కాని మన పిల్లలు బడిలో తమిళమో ఇంగ్లీషో చదువుతున్నారు. కొన్నేళ్ల క్రితం ఒక సంఘ కమిటీలో యువజనుల ఆరాధన ఏ భాషలో జరగాలన్న చర్చ వచ్చింది. ఒక యువకుడు లేచి, "మాకు తెలుగు అక్షరాలు రావండీ, పాటల పుస్తకం పట్టుకొని ఊరకే నిలబడుతున్నాం" అన్నాడు. అప్పుడు కార్యదర్శిగా ఉన్న నేను, "తెలుగు వద్దనుకొనేవారికి ఊళ్లో వేరే చర్చీలు చాలా ఉన్నాయి బాబూ" అన్నాను. అతడు మారుమాట లేకుండా కూర్చున్నాడు. తరువాతి ఆదివారం ఆ కుటుంబం రాలేదు.

ఇప్పుడు నెహెమ్యాను చూడండి. కరువులో ధాన్యం కోసం బీదలు పొలాలు తాకట్టు పెట్టారు, బిడ్డలను దాస్యానికి అప్పగించారు. అప్పిచ్చినవారు పరాయివారు కారు, సొంత సహోదరులే. అది విని నెహెమ్యాకు విపరీతమైన కోపం వచ్చింది. ఆ సంగతి ఆయన దాచుకోలేదు. అయితే కోపానికీ మాటకూ మధ్య ఆయన తనలో తాను ఆలోచించుకొన్నాడు (7వ వచనం). తప్పు చేసినవారితో ముఖాముఖిగా మాట్లాడినది ఆ తరువాతనే. 10వ వచనం మనం తరచుగా దాటిపోతాం. తానూ తనవారూ కూడ అప్పిచ్చినవారమేనని అక్కడ ఒప్పుకొంటున్నాడు. ఆలోచించుకొన్నవానికి తన లెక్క కూడ కనబడుతుంది. ఆ రోజు నేను ఒక్క నిమిషం ఆగి ఉంటే, మా అమ్మాయికి తెలుగు పాటలను తమిళ అక్షరాలలో వ్రాసి ఇస్తున్నది నేనేనని గుర్తుకు వచ్చేది.

కోపం సంగతి అందరూ చెబుతారు. సంతోషాన్ని కూడ పట్టి ఉంచాలని చెప్పేవారు తక్కువ. 1876–78 కరువులో ఒంగోలు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకం కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి కల్పించారు. మన చెన్నై గుండా పోయే కాలువ అదే. జనం బాప్తిస్మము అడిగారు. ఏ సేవకుని మనస్సు పొంగదు? అయినా, కూలి కోసం వచ్చారో క్రీస్తు కోసం వచ్చారో తేలాలని ఆయన సుమారు 15 నెలలు బాప్తిస్మములు ఆపివేశారు. కాలువ పని ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. పదిహేను నెలలు ఆగిన ఆయన ఎక్కడ, పదిహేను క్షణాలు ఆగలేని నేనెక్కడ!

నెల తరువాత ఆ ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాను. తండ్రిగారు కాఫీ ఇచ్చి, "మీరన్నది భాష గురించి కాదండీ, మా అబ్బాయిని పొమ్మన్నారు" అన్నారు. తరువాత మా పాటల కాగితాలు రెండు లిపులలోనూ అచ్చువేయించాం. ఆ యువకుడు క్రిస్మస్ పాటల అభ్యాసానికి వచ్చాడు. తల్లిదండ్రులు మాత్రం ఇంకా రాలేదు.