డాలస్ ఊసరవెల్లికి ఉదయగిరి ఉత్తరం

ఆత్మకూరు పెళ్ళిలో ఎవరో అన్న మాట ఉదయగిరి చేరేసరికి రెండింతలైంది. డాలస్‌లో ఉన్న మేనల్లుడు ఊసరవెల్లిని కొన్నాడట, భుజం మీద ఎక్కించుకుని ఆఫీసు పని చేసుకుంటున్నాడట. అంతకు ముందే ఆ అబ్బాయి పంపిన మెయిల్‌లో సంగతి వేరే. "గిన్నె నిండా నీళ్ళు పెట్టినా ముట్టడం లేదత్తా, కళ్ళు లోపలికి పోయినట్టున్నాయి" అని ఉంది అందులో. మేనత్త భుజం ముచ్చట పక్కన పెట్టి ఈ మాట పట్టుకున్నారు. బడిలో సైన్సు చెప్పి రిటైరైన మనిషి, ఫోనులో చెబితే ఒక చెవిన విని వదిలేస్తాడని కాగితం తీసుకున్నారు.

"నాయనా, నీ ఒంట్లో ఎట్లా ఉందో తర్వాత అడుగుతాను. ముందు ఆ గిన్నె తీసెయ్." ఉత్తరం మొదలే అది. సగానికి పైగా నీళ్ళ గొడవే.

ఉదయగిరి వాళ్ళకు ఆ పట్టుదల వింతగా ఉండదు. ఆత్మకూరు దగ్గర సోమశిలలో 78 టీఎంసీలు పట్టే జలాశయం ఉంది. కానీ ఉదయగిరి కొండ కింది పల్లెలు చాలాకాలం బోర్లనే నమ్ముకున్నాయి, ఆ నీళ్ళలో ఫ్లోరైడ్. బిందె దించితే ఎవరికి ముందు పోయాలో ఆలోచించుకునే ఇళ్ళలో పెరిగిన ఆడపిల్లకు, ఎదురుగా నీళ్ళున్నా తాగలేని ప్రాణి అంటే మనసు ఊరుకోదు.

అబ్బాయి కొన్నది వీల్డ్ కెమీలియన్. యెమెన్, నైరుతి సౌదీ అరేబియా దాని పుట్టిల్లు. అడవిలో అది తాగేది ఆకుల మీద నిలిచిన వాననీరు, మంచు. గిన్నెలో కదలకుండా ఉన్న నీరు సాధారణంగా దాని కంటికి ఆనదు. మెరుస్తూ జారే చుక్క ఆనుతుంది. అందుకే నిలువుగా ఉండే జాలీ పంజరం, అందులో మనీ ప్లాంట్ లాంటి దట్టమైన ఆకుల మొక్క, పొద్దున్నే ఒకసారి, సాయంత్రం ఒకసారి సన్నటి జల్లు, పగలు పైనుంచి చుక్కచుక్కగా పడే డ్రిప్పర్ పెట్టమన్నారు అత్తయ్య. జల్లు పడగానే అది తాగదు. ముందు కళ్ళు ఉబ్బించి, గుండ్రంగా తిప్పి కడుక్కుంటుంది. తాగడం నిదానంగా మొదలవుతుంది. "తడిపాను కదా అని రెండు క్షణాల్లో పోయి కుర్చీలో కూర్చోకు" అని రాసి, కింద గీత గీశారు. అయితే రోజంతా తడిగా ఉంచినా ముప్పే, ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. రెండు జల్లుల మధ్య ఆకులు ఆరాలి. కఠినజలమైతే జల్లు గొట్టాల మూతులకు సున్నం పట్టి పూడుకుపోతాయి గనక శుద్ధి చేసిన నీళ్ళే వాడమన్నారు.

దాహం తీరిందో లేదో రెట్ట చూస్తే తెలుస్తుంది. నల్లటి భాగం పక్కనే గట్టిగా మరో ముద్ద ఉంటుంది. అది తెల్లగా ఉంటే మంచిది. పసుపు దాటి నారింజ రంగుకు వచ్చిందంటే ఒంట్లో నీళ్ళు తక్కువైనట్టు. కళ్ళు గుంటలు పడితే ఆలస్యం చేయకుండా సరీసృపాల వైద్యం తెలిసిన డాక్టరుకు చూపించాలి. నోరు బలవంతంగా తెరిచి సిరంజితో పోస్తే నీళ్ళు ఊపిరి దారిలోకి పోయే ప్రమాదముంది. "నీకు మాత్రం ఎవరు గుర్తు చేస్తున్నారు నాయనా నీళ్ళు తాగమని? చిన్నప్పుడు బడి నుంచి వచ్చేసరికి నీ పెదవులు ఎండిపోయి ఉండేవి."

అక్కడి నుంచి ఉత్తరం దారి తప్పుతుంది. 1513లో కృష్ణదేవరాయలు ముట్టడి వేసిన దుర్గం, ఊళ్ళో నర్ది చెక్కతో గరిటెలు చెక్కేవాళ్ళు, అబ్బాయి వాళ్ళ నాన్న చెట్టెక్కి దిగలేక ఏడ్చిన రోజు. ఆ కథ ఇంట్లో అందరికీ తెలిసిందేనని మధ్యలోనే ఆపేశారు. ఆపింది చెట్టు దగ్గర కాబట్టి మళ్ళీ ఊసరవెల్లి దొరికింది. వాన వెలిసిన ఒక సాయంత్రం చేని గట్టు మీది కానుగలో ఆకుపచ్చగా, ఆకుల్లో కలిసిపోయి ఉందది. ఒక కన్ను తనను చూస్తున్న చిన్నప్పటి అత్తయ్య మీద, మరో కన్ను ఆకు మీద. చుక్క ఆకు కొసకు జారేదాకా ఆగి, పెదవి ఆనించి, గొంతు కింది తోలు కదిలిస్తూ తాగింది. తర్వాత పక్క ఆకు.

దాన్ని చేతికి ఎలా తీసుకోవాలో అత్తయ్యకు నేర్పింది వాళ్ళ జేజి. దారికి అడ్డంగా పోతున్న ఊసరవెల్లిని చూసి పిల్లలు రాళ్ళు ఏరుకుంటుంటే, ఆమె కట్టెలమోపులోంచి ఒక పుల్ల లాగి దాని ముందు, ఛాతీ కంటే కాస్త కిందుగా పెట్టింది. ముందుకాలికి లోపలివైపు మూడు వేళ్ళు, బయటివైపు రెండు. ఆ పట్టకారుతో పుల్లను పట్టుకుని తనే ఎక్కింది. కంపలోకి చేర్చి పుల్ల వదిలేసింది జేజి. దీని కాటు విషమనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. దానికి విషం లేదు.

పెంచేవాళ్ళకు కూడా అనుభవజ్ఞులు చెప్పే పద్ధతి ఇదే. పైనుంచి చెయ్యి వస్తే దానికి గద్ద వచ్చినట్టే. అరచేతిని కొమ్మలా కింద ఉంచి, అది తనంతట తాను ఎక్కేదాకా ఆగాలి. చేతికి అలవాటు చేయాలంటే మొదట చేత్తో ఒక పురుగు అందించాలి. ఒళ్ళు నల్లబడినా, బుసకొట్టినా, నోరు తెరిచినా ఆ పూటకు వదిలేయాలి. తోక పట్టి లాగకూడదు, తెగితే మళ్ళీ రాదు. ఊసరవెల్లి రంగులు మార్చేది పరిసరాల్లో దాక్కోవడానికే అనుకుంటాం. భయం, కోపం, చలి, ఎండ అన్నీ అందులో కనిపిస్తాయి. చర్మకణాల్లోని అతిచిన్న స్ఫటికాల మధ్య దూరం మారడం వల్ల రంగు మారుతుందని 2015లో జెనీవా విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. "రంగు చూసి మురిసిపోకు, ఏమంటుందో చూడు" అన్నారు అత్తయ్య. భుజం మీద ఎక్కించుకున్న మాట నిజమే అయితే మానెయ్యమన్నారు. కొన్ని ఊసరవెల్లులు ఎన్నేళ్ళకీ చేతికి రావు, వాటిని చూసి సంతోషించాల్సిందే.

తిండి గురించి తక్కువ రాశారు. కీచురాళ్ళు, బొద్దింకలు పెట్టవచ్చు, కానీ ముందురోజు వాటికి ఆకుకూర మేపాలి. పైన కాల్షియం పొడి చల్లాలి. అతినీలలోహిత కిరణాల బల్బు లేకపోతే ఎంత కాల్షియం వేసినా ఎముకలు మెత్తబడతాయి. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ ఆ పనికి రాదు. డాలస్ పెరట్లో వేసవిలో మెరిసే మిణుగురులను మాత్రం పొరపాటున కూడా పెట్టొద్దు, అక్కడి రకాల్లోని విషం బల్లిజాతిని చంపుతుంది.

మధ్యలో ఆత్మకూరు బెంగ. డాలస్ ఫొటోలు చూసి అక్కడి చిన్నాన్న కొడుకు తనూ చేలో ఒకదాన్ని పడతానంటున్నాడు. వాడు చూపించింది తొండ. తొండ ముదిరితే ముసలి తొండే అవుతుందని వాడికి చెప్పారట. మన ఊసరవెల్లికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. పట్టడం, పెంచడం, అమ్మడం నేరం. విదేశీ రకాలు ఉన్నవాళ్ళు కూడా 2024 నిబంధనల ప్రకారం పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. "వాడికి నువ్వే ఫోన్ చెయ్. నీ మాటైతే వింటాడు."

చివర సంతకం పెట్టాక మళ్ళీ మొదలుపెట్టారు. అది ఆడదా, మగదా? ఈ జాతి ఆడది మగతోడు లేకుండానే గుడ్లు పెడుతుంది, ఒక్కోసారి యాభైకి పైగా. తవ్వుకునేందుకు లోతైన తడి ఇసుక లేకపోతే గుడ్లు కడుపులోనే నిలిచి ప్రాణం పోవచ్చు. "వెనక్కాలి మడమ చూసి రాయి. చిన్న ముల్లు ఉంటే మగది. లేకపోతే రేపే ఇసుక కొను."