గురుకరజాతులకు బంధువులెవ్వరు?



తనవారి నడుమ నుండియు తాను పరాయివాడనను భావమునకు మించిన దుఃఖము మనుజునకు లేదు. పంక్తిలో తనను చూచి ప్రక్కకు జరుగువారు, పేరు చెప్పినంతనే కులమడుగువారు, పెండ్లి పిలుపులకు వచ్చి తన గడప దాటిపోవువారు చేయు గాయము పైకి కనబడదు. అట్టివానికి మన ధర్మము ఓర్పును మాత్రమే బోధించుచున్నదా? కాదు. వానికొక కుటుంబమును చూపుచున్నది. ఆ కుటుంబపు రీతిని ఈ పాఠమున విచారింతము.

ఇల్లు విడిచినవాడు కట్టిన ఇల్లు

12వ శతాబ్దిలో బాగేవాడిలో జన్మించిన బసవేశ్వరుడు ఉపనయనమును నిరాకరించి, తండ్రితో విభేదించి, పుట్టినింటిని విడిచెనని పాల్కురికి సోమనాథుని బసవపురాణము తెలుపుచున్నది. తోబుట్టువు నాగాంబ ఆయన పక్షమున నిలిచినది. కృష్ణా మలప్రభల కలయికయైన కూడలసంగమము ఆయనకు ఆశ్రయమైనది. తరువాత కల్యాణమున బిజ్జలుని భాండాగారమునకు అధికారియై, ఆయన తన ఇంటిని శరణులకు తెరచెను. దానిని కలవాడు లేనివారికి చేసిన దానమని తలచరాదు. అయినవారిని విడిచి వచ్చుట యెట్టిదో ఎరిగినవాడు కట్టిన ఇల్లది.

తండ్రి ఎవరు? బిడ్డ ఎవరు?

ఇచ్చట మనము గుర్తింపవలసిన విషయమొకటి కలదు. మాదార చెన్నయ్య, డోహర కక్కయ్య వంటి భక్తులు లోకము అంటరానివారని దూరముంచిన కులములలో పుట్టినవారు. వారిని చేరదీసితినని బసవన్న చెప్పుకొనలేదు. తన వచనములలో వారిని తన పెద్దలుగా, తాను వారి ఇంటి బిడ్డగా చెప్పుకొనెను. చెన్నయ్య ఆయనకు పూర్వుడు. అనగా బసవన్న బంధువులను మాత్రమే కాక, పూర్వులను సైతము భక్తినిబట్టియే ఎంచుకొనెను.

చెన్నయ్య కథ మన తెలుగువారికి సోమనాథుని వలన సుపరిచితమే. చోళరాజు గుఱ్ఱములకు గడ్డి తెచ్చు ఆ భక్తుని ఇంట శివుడు అంబలి ఆరగించెను. మరునాడు రాజు పెట్టిన నైవేద్యమును ముట్టలేదు. కారణమెరిగిన రాజు చెన్నయ్య ఇల్లు వెదకికొని వచ్చి ఆయన పాదములకు మ్రొక్కెను. గడప దాటి రావలసినవాడు రాజే గాని చెన్నయ్య కాడు.

మన శాస్త్రము దీక్ష పొందినవానిని గురుకరజాతుడనుచున్నది. గురుహస్తమున పుట్టినవానికి పూర్వజాతి లేదు. జాతి లేనివానిని జాతి అడుగుట గురువు చేతిని శంకించుటయే యగును.

అక్క యను పిలుపు

ఉడుతడి నుండి, కౌశికుడను పాలకుని విడిచి, ఒంటరిగా కల్యాణమునకు వచ్చిన మహాదేవిని అల్లమప్రభువు అనుభవమంటపమున కఠినముగా ప్రశ్నించెనని శరణ సంప్రదాయము చెప్పుచున్నది. ఆమె తడబడక బదులు చెప్పినది. శరణులు ఆమెపై జాలి చూపలేదు. ఆమె మాటను విని, అందలి అనుభవమును గౌరవించిరి. వయసున చిన్నదైనను ఆమె వారందరికి 'అక్క' యైనది. పిదప ఆమె మన శ్రీశైలమునకు వచ్చి కదళీవనమున ఐక్యమైనది. నేటికిని ఆమెకు ఆ బాంధవ్యపు పేరే నిలిచియున్నది.

బాంధవ్యపు వెల

అయ్యా, అక్కా అని పిలుచుట సులభము. పాదరక్షలు కుట్టు కాయకము చేయు హరళయ్య కుమారునకు, బ్రాహ్మణకులమున పుట్టిన మధువరసుని కుమార్తెకు వివాహము జరిగినప్పుడు ఆ పిలుపు పరీక్షకు వచ్చినది. ఆ తండ్రులిద్దరును రాజదండనకు ప్రాణములర్పించిరని సంప్రదాయము. కల్యాణము కల్లోలమైనది, శరణులు చెదరిపోయిరి. ఎంచుకొనిన కుటుంబమునకై రక్తసంబంధమునకు ఇచ్చునంత వెలయు ఇచ్చిరి గనుకనే వారి బాంధవ్యము సత్యమైనది.

మన ఆచరణ

నేడు మన మఠములలో, ఇండ్లలో ఈ సత్యమెంత నిలిచియున్నది? లింగవంతులమైన మనలోనే ఉపశాఖల లెక్కలు, పెండ్లి సంబంధములయొద్ద పూర్వకులపు విచారణలు లేవా? క్రొత్తగా దీక్ష పొందినవాడు దాసోహమున భుజించి, పండుగనాడు ఒంటరిగా గదికి పోవుచున్నాడా? ఇంటివారు వెడలగొట్టిన యువతి మఠమునకు వచ్చినచో ముందుగా ఆమె తప్పునడుగుదుమా, ఆకలినడుగుదుమా?

వెలివేయబడితినని కుందువారికి ఒక్క మాట. మీరు ఈ ఇంట అతిథులు కారు. పెద్దల వరుసలో మీ స్థానము బసవన్న కాలముననే నిర్ణయింపబడినది. చేర్చుకొనువారికి ఒక్క మాట. పై పీఠమున కూర్చుండి చేయి చాచుట స్వాగతము కాదు. దిగివచ్చి నమస్కరించుటయే స్వాగతము.

మననము

1. గడచిన సంవత్సరమున మన పంక్తికి క్రొత్తగా వచ్చినవారెవ్వరు? వారి పేరు మనకు తెలియునా?

2. వారిలో ఒక్కరినైనను అన్న, అక్క యని పిలిచి, ఆ వరుసకు తగిన భారమును మోసితిమా?

శరణు శరణార్థి.